ఇంకోపాలి సదవండి మేడం

గురువారం మధ్యాహ్నం రెండయ్యేసరికి నాకు ఇంట్లో కాలు నిలవదు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి నుంచి స్కూటీ మీద లాసన్స్ బే కాలనీ మీదుగా కిందికి దిగితే పది నిమిషాల్లో సముద్రం గాలి మొహానికి కొడుతుంది, ఆ వెనకాలే ఎండుచేపల వాసన, ఆ సందుల్లోనే ఉంది మా బడి. మా బడి అంటున్నాను గానీ నేనక్కడ టీచర్ని కాదు, ఆయాని కాదు, అందులో చదివే పిల్లలెవరికీ చుట్టాన్నీ కాదు. వారానికో అరగంట వెళ్ళి రెండు, మూడు తరగతుల పిల్లలకి ఒక కథల పుస్తకం పైకి చదివి వినిపించి వచ్చేస్తాను. రెండేళ్ళు దాటింది మొదలుపెట్టి. మొన్న మా పాత ఆఫీసు ఫ్రెండ్ ఒకావిడ "నాకూ చెయ్యాలనుంది, ఏం చెయ్యాలో చెప్పవే" అని అడిగింది, ఫోన్లో చెప్పడం మొదలుపెడితే గంటైనా సగం కూడా అవలేదు, సరే కూర్చుని రాసేద్దాం అనుకున్నాను.

ముందు నాకీ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. మా నాన్న షిప్‌యార్డులో వెల్డరు. మల్కాపురం వైపు ఉండేవాళ్ళం. షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని మా ముగ్గురు పిల్లల్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని చందమామ చదివేవారు. ఆయన చదువుకున్నది ఎనిమిదో తరగతి వరకే, వత్తులెక్కువున్న మాటలొస్తే ఒక్క క్షణం ఆగి, పెదాలతో లోపల ఒకసారి అనుకుని అప్పుడు పైకి చదివేవారు. ఆ ఆగడం మాకు భలే ఉండేది, ఏమొస్తుందో ఏమొస్తుందో అని ఊపిరి బిగబట్టేవాళ్ళం. రాక్షసుడు మాట్లాడితే గొంతు బొంగురుగా అయిపోయేది. వంటింట్లోంచి అమ్మ "కాస్త గట్టిగా చదవండి, నాకూ వినపడాలి కదా" అనేది, అమ్మకి చదువు రాదు. నాకు అక్షరాలు ఎవరు నేర్పారో గుర్తులేదు గానీ, పుస్తకం మీద ఇష్టం మాత్రం ఆ మంచం దగ్గరే పుట్టిందని గట్టిగా చెప్పగలను. బ్యాంకులో ఇరవై ఆరేళ్ళు పనిచేసి వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాక, ఇప్పుడేం చేద్దాం అని ఆలోచిస్తే ముందు గుర్తొచ్చింది ఆ మంచమే.

బడిలోకి అడుగు పెట్టడం అంత తేలిక కాదు, ఇది ముందే తెలుసుకుంటే మంచిది. నేను నేరుగా వెళ్ళి హెచ్ఎం గారిని అడిగాను, ఆవిడ చాలా మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "బయటివాళ్ళని క్లాసులోకి పంపాలంటే మాకు పైనుంచి కాగితం ఉండాలమ్మా" అన్నారు. సరే అని మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టుకుని, రెండుసార్లు తిరిగి, మూడోసారికి సంతకం చేయించుకుని తెచ్చాను. మూడు వారాలు పట్టింది. అప్పుడు విసుగొచ్చిన మాట నిజమే, ఇప్పుడు మాత్రం హెచ్ఎం గారిదే కరెక్ట్ అనిపిస్తుంది. చిన్నపిల్లలున్న చోటుకి ఎవరు పడితే వాళ్ళు వచ్చెయ్యకూడదు కదా. మీరు వెళ్ళినా అడగకముందే ఆధార్ కాపీ, ఫోటో, మీ గురించి నాలుగు ముక్కలు రాసిన కాగితం పట్టుకెళ్ళండి, పని త్వరగా అవుతుంది, వాళ్ళకీ నమ్మకం కుదురుతుంది.

ఆ బడిలో పుస్తకాల్లేక కాదు. బీరువాలో ఉన్నాయి, తాళం వేసి. 2020 నవంబర్‌లో మన రాష్ట్రంలో 'చదవడం మాకిష్టం' అని కార్యక్రమం మొదలుపెట్టారు గుర్తుందా, అప్పట్నుంచి కొన్ని, అంతకుముందువి కొన్ని, రంగురంగుల బొమ్మలవి, కొత్త వాసన కూడా పోలేదు. తాళం ఎందుకంటే పిల్లలు చింపేస్తే స్టాకు రిజిస్టర్లో ఏం రాయాలో తెలీక. టీచర్లని తప్పు పట్టాలని నాకు అస్సలు లేదు, ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లు, హాజరు ఫోన్లో ఎక్కించాలి, భోజనం లెక్క ఎక్కించాలి, ఫోటోలు ఎక్కించాలి, మధ్యలో పాఠం చెప్పాలి, కథలు చదివే తీరిక ఎక్కడ్నుంచి తెస్తారు పాపం. నేను వెళ్ళిన మూడో వారమో నాలుగో వారమో హెచ్ఎం గారే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి "చిరిగితే నేను చూసుకుంటాను, మీరు చదవండి" అన్నారు. ఆ మాటకి ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

గోడ మీద నిపుణ్ భారత్ చార్టు ఉంటుంది, మీరు కూడా ఏ సర్కారు బడిలోనైనా చూసే ఉంటారు. 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టింది, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలి, చిన్న లెక్కలు చెయ్యగలగాలి అని దాని లక్ష్యం. అసర్ అని గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివించి చూసే సర్వే ఒకటుంది, అందులో 2022 లో దేశం మొత్తమ్మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 20.5 శాతం, 2024 కి 27.1 అయ్యింది. పెరిగింది, సంతోషమే, కానీ ఇంకా నలుగుర్లో ముగ్గురు చదవలేకపోతున్నారు అనే కదా అర్థం. ఆ అంకె పేపర్లో చూసినప్పుడు అంకెలాగే ఉంటుంది. మూడో తరగతి పిల్ల మీ పక్కన కూర్చుని "క కి కొమ్మిస్తే కు… కు… క్క… క కి క వత్తు…" అని కూడబలుక్కుంటూ 'కుక్క' దగ్గరికి చేరేసరికి మొదటి మాట మర్చిపోవడం చూస్తే అప్పుడు తెలుస్తుంది. ఆ పిల్లకి అక్షరాలొచ్చు, గుణింతం అప్పజెప్పమంటే గడగడా అప్పజెప్పేస్తుంది. వాక్యం అనేది చెవికి ఎలా వినపడుతుందో తెలీదు, ఎందుకంటే పుస్తకంలో వాక్యాన్ని తనకోసం ఎవరూ ఎప్పుడూ చదవలేదు. పాట వినకుండా స్వరాలు బట్టీపడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

అందుకే నేను చదివించను, చదువుతాను. వాళ్ళు వింటారు. ఈ తేడా చాలామందికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను, "ఓహో ట్యూషనా" అంటారు. కాదండీ బాబూ.

మొదటి రోజు గురించి చెప్పాలంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కుర్చీ వేశారు, కూర్చున్నాను. ఇరవై ఆరుమంది పిల్లలు కింద నేల మీద. అన్నం తిని వచ్చారు, గుడ్డు తిన్న చేతులు, కొంతమంది బుగ్గలో ఇంకా చిక్కీ ముక్క. నేను పెద్ద పుస్తకం, పేజీకి పది పన్నెండు లైన్లుండేది పట్టుకెళ్ళి, పుస్తకం నా ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిప్పుకుని టకటకా చదివేశాను. బొమ్మ వాళ్ళకి కనపడటం లేదనే సంగతే తట్టలేదు. మూడో పేజీకి వెనక వరస కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఐదో పేజీకి ఇద్దరు కొట్టుకుంటున్నారు. పూర్తిచేశాక "బాగుందా?" అంటే "బాగుంది మేడం" అని అందరూ ఒకే రాగంలో అన్నారు, టీచరు గుడ్మాణింగ్ చెప్తే అన్నట్టు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ పిల్లలే నేర్పారు నాకు. కుర్చీ తీసేసి నేల మీద వాళ్ళతో సమానంగా కూర్చోవాలి. పిల్లల్ని వరసల్లో కాకుండా అర్ధచంద్రంలా కూర్చోబెట్టుకోవాలి. పుస్తకం భుజం పక్కన నిలబెట్టి బొమ్మ వాళ్ళ వైపు ఉంచి నేను పక్కనుంచి చూసుకుంటూ చదవాలి, అంటే కథ నాకు సగం పైన కంఠతా వచ్చి ఉండాలి, అందుకని బుధవారం రాత్రి ఇంట్లో మూడుసార్లు పైకి చదువుకుంటాను, మా ఆయనకి కూడా ఇప్పుడు చాలా కథలు వచ్చేశాయి. ముందు అట్ట చూపించి పేరు చదవాలి, చదివేటప్పుడు వేలు మాట కింద నడవాలి, అప్పుడే ఈ నల్లగీతల్లోంచే మాటొస్తోందని వాళ్ళకి తెలుస్తుంది. పేజీ తిప్పేముందు ఒక్క క్షణం ఆగాలి, మా నాన్న ఆగినట్టు. మా బడి వరండాలో సముద్రం గాలికి పేజీలు వాటంతటవే తిరిగిపోతాయి, బట్టలారేసుకునే క్లిప్పులు నాలుగు ఎప్పుడూ నా బ్యాగులో ఉంటాయి. ఎవరైనా నిద్రపోతే లేపకండి. మా దాంట్లో ఒక బుడ్డోడున్నాడు, వాళ్ళమ్మ తెల్లవారుజామునే హార్బరుకి వెళ్ళి చేపలు కొనుక్కుని గంపలో పెట్టుకుని అమ్ముకొస్తుంది, ఆవిడతో పాటే వీడూ లేస్తాడు, మధ్యాహ్నానికి కళ్ళు మూసుకుపోతాయి. వాడు నా మోకాలికి ఆనుకుని నిద్రపోతూ వింటాడు. అదీ వినడమే.

ఇంకోటి, ఒకే పుస్తకం మళ్ళీ మళ్ళీ చదవడానికి సిగ్గుపడకండి. నేను వారానికో కొత్త పుస్తకం తేవాలి అనుకుని తెగ హైరానా పడేదాన్ని. ఒకసారి ఒక చిన్న పుస్తకం, పేజీకి రెండు లైన్లు, చదవడం అయిపోయి మూసేస్తుంటే ముందు వరసలో పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని "ఇంకోపాలి సదవండి మేడం" అంది. చదివాను. మళ్ళీ "ఇంకోపాలి" అన్నారు అందరూ. మూడోసారికి వాళ్ళే నాతోపాటు అనేస్తున్నారు, నాలుగో వారానికి ఆ పిల్ల పుస్తకం తీసుకుని వేలు పెట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా "చదివేసింది". కంఠతా వచ్చి చదివిందా, అక్షరాలు చూసి చదివిందా అని టీచరుగారు అడిగారు. రెండూ కలిసిపోయే చోటే చదవడం మొదలవుతుంది అని నా నమ్మకం, ఎందుకంటే ఒక చోట మాట తప్పు చెప్పి, వేలు ఆపి, అక్షరం చూసుకుని, తనే దిద్దుకుంది ఆ పిల్ల. నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు గురించి రాయాలి, ఇది రాయడానికే అసలు కూర్చున్నానేమో.

రెండో నెలలో అనుకుంటాను. మూడో తరగతి పిల్లాడు, చురుగ్గా ఉండేవాడు, ప్రతి బొమ్మకీ ఏదో ఒకటి చెప్పేవాడు, "అదేటి మేడం, ఆడెందుకు ఏడుస్తన్నాడు, బేగి సదవండి మేడం" అంటూ. ఒకరోజు నేను, నవ్వుతూనే, "సదవండి కాదు నాన్నా, చదవండి. ఏదీ, చ అను, చ" అన్నాను. అందరి ముందూ. మిగతా పిల్లలు నవ్వారు. వాడు "చ" అన్నాడు, చిన్నగా. అంతే. ఆ రోజు నుంచి వాడు స్తంభం పక్కకి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాడు, వీపు సగం నా వైపు పెట్టి. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. మాట లేదు. పలకరిస్తే తల ఊపేవాడు, నోరు విప్పేవాడు కాదు. నేను మంచి చేస్తున్నాననుకునే ఒక్క ముక్క అన్నాను, ఆ ముక్కతో వాడి నోట్లో ఉన్న మాటలన్నీ తప్పేనని వాడికి చెప్పినట్టయింది. వాళ్ళమ్మ మాట, వాళ్ళయ్య మాట, వాళ్ళ నాయనమ్మ మాట, అన్నీ. ఇంటికొచ్చి అన్నం సయించేది కాదు గురువారాలు.

ఆరో వారం బీరువాలోంచి సముద్రం బొమ్మలున్న పుస్తకం ఒకటి తీశాను. వాడి కోసమని ప్రత్యేకంగా కాదు, దొరికింది, తీశాను. ఒక పేజీలో నడిసముద్రం, పెద్ద కెరటాలు, చిన్న పడవ మీద ఒకతను నిలబడి వల గుండ్రంగా విసురుతున్నాడు, కింద 'జాలరి సముద్రంలో వల విసిరాడు' అని ఉంది. చదివాను. స్తంభం దగ్గర్నుంచి వినీ వినపడనట్టు వచ్చింది, "అలా ఇసరరు."

నేను ఆగాను. "మరెలాగ?" అన్నాను.

వాడు ఇటు తిరిగాడు. కాసేపు నా మొహం చూశాడు, మళ్ళీ దిద్దుతానేమోనని కాబోలు. నేనేం మాట్లాడలేదు. అప్పుడు లేచి వచ్చి పుస్తకం మీద వేలు పెట్టి చెప్పాడు, ఇసురువల ఒడ్డునే, లోతు లేని చోట ఏస్తారంట, సంద్రం లోపలికెల్లినప్పుడు వల ఇసరరంట, పడవ నడుస్తా ఉంటే మెల్లిగా నీళ్ళలోకి వదుల్తారంట, వదిలీసి కూకుంటారంట, అప్పుడు లాగుతారంట, "మా అయ్య, మా పెదనాన్న, ఇంకిద్దరు, నలుగురూ లాగాల మేడం, ఒక్కడి వల్ల అవ్వదు". చేతులతో లాగి చూపించాడు, ఒళ్ళంతా వెనక్కి వాల్చి. దాంతో మిగతావాళ్ళు ఆగుతారా, ఒకడు కవళ్ళు అంటాడు, ఒకర్తి నెత్తళ్ళు అంటుంది, కానాగంతలు, కోనాం, సందువ, ఏది ఏ వలకి పడుతుందో, ఏది ఎండబెడతారో, ఏది పులుసుకి బాగుంటుందో, నేను ఏభై ఏళ్ళుగా విశాఖపట్నంలో ఉండి చేపలు తింటున్నాను, ఆ రోజు విన్న వాటిల్లో సగం నాకు తెలీదు. పుస్తకం రెండు పేజీలు కూడా దాటలేదు. గంట కొట్టేశారు. వెళ్ళిపోతూ వాడు "ఒచ్చే వారం మిగతాది సదవండి మేడం" అన్నాడు. సదవండి అనే అన్నాడు. "సరే నాన్నా" అన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు మీద బండి ఆపుకుని కాసేపు కూర్చున్నాను, ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

గిడుగు రామమూర్తి గారి గురించి మనం ఏటా ఆగస్టు 29 న చెప్పుకుంటాం, తెలుగు భాషా దినోత్సవం అని దండేస్తాం. ఆయన 1863 లో పుట్టింది ఇక్కడే, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, అంటే మన ఉత్తరాంధ్ర మనిషే. బడుల్లో, పుస్తకాల్లో జనం మాట్లాడే భాష ఉండాలని జీవితమంతా కొట్లాడారు. అంతకన్నా నాకు బాగా నచ్చేదేంటంటే, సవర అనే గిరిజన తెగ పిల్లలకి తెలుగులో చెప్తే ఎక్కడం లేదని ఆయన పనిగట్టుకుని సవర భాష నేర్చుకుని, వాళ్ళ భాషలోనే వాళ్ళకి పుస్తకాలు తయారుచేశారు. ముందు పిల్లల మాట నేను నేర్చుకుంటాను, తర్వాత నా మాట వాళ్ళకి నేర్పుతాను, ఇదీ ఆయన వరస. నేను ఆ పిల్లాడి దగ్గర ఈ వరస తిరగేశాను. ఆగస్టు 29 న స్టేజీ మీద ఆయన గురించి మాట్లాడిన దాన్నే మళ్ళీ.

అలాగని పుస్తకంలో భాష మార్చేసి చదవను. 'చదివాడు' అనుంటే 'చదివాడు' అనే చదువుతాను. ఇది కూడా ముఖ్యమే. మన బడి పుస్తకాల్లో 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి కదా, మా పిల్లలకి ఎదురు పేజీలో ఇంగ్లీషు ఒక కొత్త భాష అయితే, ఇవతలి పేజీలో తెలుగు కూడా సగం కొత్త భాషే. దాన్ని వాళ్ళ చెవులకి అలవాటు చెయ్యడానికి పైకి చదివి వినిపించడం కన్నా మంచి దారి నాకైతే కనపడలేదు. దిద్దక్కర్లేదు, మాట తనంతట తనే ఎక్కుతుంది. ఒక కథలో 'హఠాత్తుగా' అనే మాట నాలుగైదు చోట్ల వచ్చింది, నేను అర్థం కూడా చెప్పలేదు, ఆ మాట దగ్గర గొంతు పెంచి ఒక్కసారి ఆగేదాన్ని, అంతే. మూడు వారాల తర్వాత నేను స్కూటీ స్టాండు వేస్తుంటే రెండో తరగతి పిల్ల పరిగెత్తుకొచ్చింది, "మేడం మేడం, నిన్న బట్టలారేసుంటే హఠాత్తుగా వానొచ్చీసింది!" అంటూ. హఠాత్తుగా, వానొచ్చీసింది, రెండూ ఒకే వాక్యంలో. అంత అందమైన తెలుగు వాక్యం ఈమధ్య నేను వినలేదు.

ఇక ప్రశ్నలు. కథ అవ్వగానే "ఈ కథలో నీతి ఏంటి?" అని మాత్రం దయచేసి అడగకండి. ఒకసారి పైనుంచి ఎవరో చూడ్డానికి వచ్చి, నేను చదవడం అవ్వగానే లేపి లేపి నీతి అడిగారు. పిల్లలు "పెద్దల మాట వినాలి", "అబద్ధమాడరాదు" అని చెప్పుకుంటూ పోయారు. ఆ కథ తోక పోగొట్టుకున్న బల్లిది. అప్పటిదాకా పిల్లల మొహాల మీదున్న వెలుగు ఒక్కసారిగా పోయింది. ఆ తర్వాత వారం నేను పుస్తకం తియ్యగానే ఒకడు "అడుగుతారా మేడం?" అన్నాడు, అంటే ప్రశ్నలడుగుతారా అని. అడగను అన్నాక గానీ దగ్గరికి జరగలేదు. కథ అయ్యాక నేను ఊరికే పుస్తకం మూసి అలా కూర్చుంటాను. ఎవరికి చెప్పాలనుంటే వాళ్ళు చెప్తారు. నేను అడిగేది ఒక్కటే, "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని, అది కూడా వల పుస్తకం తర్వాత అలవాటైంది.

ఫోటోల గురించి ఒక మాట. ఒక ఆఫీసు తరఫున కొంతమంది వచ్చారు ఒకసారి, టీషర్టులు, బ్యానరు, బిస్కెట్ ప్యాకెట్లు. ఒకాయన పుస్తకం తెరిచి రెండు పేజీలు చదివాడు, ఫోటోలు అయ్యాయి, పుస్తకం మూసేసి వెళ్ళిపోయారు. కథ మధ్యలో. అందులో పిల్లి బావిలో పడిపోయి ఉంది అప్పటికి. ఆ పిల్లి ఏమైందో అని మా పిల్లలు వారమంతా ఎదురుచూశారు, నేను వెళ్ళగానే ఆ పుస్తకమే తెచ్చి చేతిలో పెట్టారు. కోపమొచ్చింది నాకు, ఇప్పటికీ ఉంది. మీకు ఒక్కరోజే కుదిరితే ఒక్కరోజే వెళ్ళండి, తప్పులేదు, కానీ మొదలుపెట్టిన కథ పూర్తిచెయ్యండి. ప్రతివారం వస్తానని చెప్తే మాత్రం రండి. నేను జ్వరంతో ఒక వారం మానేస్తే గేటు దగ్గర నిలబడి చూశారంట, ఆయా చెప్పింది.

పుస్తకాలు ఎక్కడివి అని అందరూ అడుగుతారు. ముందు బడి బీరువా చూడండి, ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అని వెబ్‌సైట్ ఉంది, 2015 నుంచి, అందులో తెలుగు కథలు బోలెడు, లెవెల్ 1 నుంచి 4 దాకా ఉంటాయి, ఫ్రీగా దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు, మొదట్లో 1, 2 లెవెల్స్ తీసుకోండి చాలు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాలు, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి ధర తక్కువ, బొమ్మలు బాగుంటాయి. సెప్టెంబర్ 8 అక్షరాస్యతా దినోత్సవానికి ప్రథమ్ బుక్స్ వాళ్ళు ఏటా ఒక్కటే కథని దేశమంతా వాలంటీర్ల చేత చాలా భాషల్లో చదివిస్తారు, మొదటిసారి చేసేవాళ్ళకి అది మంచి రోజు. నేను ప్రింట్ తీసినవి లామినేషన్ చేయిద్దామనుకున్నాను గానీ మెరుపుకి వెనకాల పిల్లలకి బొమ్మ కనపడదు, మందం కాగితం మీద తీయించుకుంటే చాలు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. బడికి ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి జూన్ 12 కి తెరుస్తారు. అంటే మిగతా ఏడాదంతా వేళకాని వేళ వేటకి పోయే నాన్నలు, పిల్లలు ఇంట్లో ఉండే ఆ రోజుల్లోనే ఇంట్లో ఉంటారు. చేతిలో డబ్బులుండవు, అప్పులు, చిరాకు, వలలు బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చుంటారు. పోయిన ఏప్రిల్‌లో ఈ లెక్క తట్టి, హెచ్ఎం గారిని అడిగి, నేను కొన్న పుస్తకాలు తలా ఒకటి ఇంటికి పంపాను. ఇరవై ఆరు. "మీ ఇంట్లో వాళ్ళకి చదివి వినిపించండి, చిరిగినా పరవాలేదు, తెండి చాలు" అని చెప్పాను.

జూన్‌లో ఇరవై మూడు వెనక్కి వచ్చాయి. కొన్నిటికి నూనె మరకలు, ఒకదాంట్లో గుప్పెడు ఇసక, ఒకదాని ఏనుగుకి ఎవరో చిన్నపాప పెన్నుతో మీసాలు పెట్టింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంకోపాలి అన్న పిల్ల అందరికన్నా చివర వచ్చి పుస్తకం వెనక్కి దాచుకుని నిలబడింది. తిడతానేమోనని భయం. తీసుకుని చూశాను. అట్ట ఊడిపోయి, మధ్య పేజీలు విడిపోయి ఉన్నట్టున్నాయి, వాటన్నిటినీ కలిపి మడత దగ్గర నీలం నైలాన్ దారంతో కుట్టారు. వల దారం. ముడులు వల ముడులే, ఒక్కటి కూడా వదులు లేదు, నేను వేలితో లాగి చూశాను. పిన్నులు కొట్టించిన నా పుస్తకాలన్నిటికన్నా గట్టిగా ఉంది.

"తమ్ముడు లాగీసాడు మేడం. మా అయ్య కుట్టీసాడు" అంది.

"మీ అయ్యకి చదివి వినిపించావా?"

"రోజూ. వల కట్టుకుంటా ఇనేవాడు. ఇంకోపాలి సదవే అనేవాడు." కాసేపాగి, నా బ్యాగు వైపు చూస్తూ, "ఇంకోటి ఉంటే ఇమ్మన్నాడు మేడం. సేపలది ఒద్దంట. ఏనుగుది కావాలంట."

మీసాల ఏనుగు పుస్తకం చేతిలోనే ఉంది. అదే ఇచ్చి పంపాను.